పెళ్లికూతురి గాలిగొట్టం

మా చెల్లి ఆబిడ్స్‌లో ఒక బ్యాంకులో కౌంటర్ దగ్గర కూర్చునేది. పొద్దున్నించి సాయంత్రం దాకా అద్దం వెనకనుంచి "ఇక్కడ సంతకం పెట్టండి, ఆధార్ జిరాక్సు జత చెయ్యండి" అని ఎంత మెల్లగా చెప్పేదంటే, ఎదుటివాళ్లు "ఆఁ?" అని చెవి తెచ్చి అద్దానికి ఆనించాల్సిందే. అదే మనిషి ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా ఫోన్లో ఏదో కారు ఇంజను చప్పుడు పెట్టి, "అక్కా, విను, ఇప్పుడొస్తది, ఇప్పుడు విను!" అని నా చెవికి అతికించేది. నేను స్కూల్లో తెలుగు చెప్పుకునేదాన్ని. నాకు అన్ని ఇంజన్లూ మిక్సీలో అల్లం నూరినట్టే వినపడేవి. "బాగుంది" అనేదాన్ని. "ఏది బాగుంది? మొదటిదా, రెండోదా?" అని నిలదీసేది.

ఇంట్లో ఉండేది ముగ్గురమే. అమ్మ, నేను, చెల్లి. నాంపల్లి స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరంలో ఒక పాత ఇంట్లో కింది వాటా మాది. ముందు చిన్న వాకిలి, ఆ వాకిట్లో కారు. అమ్మ సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. రిటైరైన వెంటనే ఆమె చేసిన మొదటి పని, ఎవరినీ అడగకుండా ఒక ఎర్ర రంగు సెకండ్‌హ్యాండ్ పెట్రోలు కారు కొనడం. "ఇన్నేండ్లు నైట్ డ్యూటీలకు ఆటోల కోసం నిలబడ్డ. ఇంక నిలబడ" అంది. కొన్నది అమ్మే గానీ నడిపేది చెల్లి. నాకు లైసెన్సు ఉంది, ధైర్యం లేదు. అమ్మకు రెండూ లేవు, వెనక సీట్లో కూర్చొని "జర పక్కకు, జర పక్కకు" అనడం మాత్రం వచ్చు.

ఆ ఎండాకాలం చెల్లికి ఒక పిచ్చి పట్టింది. కారుకు కంపెనీ పెట్టిన గాలి డబ్బా తీసేసి, వేరే గొట్టం పెట్టాలి. ఉప్మా తింటుండగా చెప్పింది.

"ఇంజను గూడా ఊపిరి పీల్చాలె గదమ్మా. కంపెనీవాళ్లు దాని ముక్కు ముందర ఒక నల్ల ప్లాస్టిక్ డబ్బా పెడ్తరు. లోపల కాగితం ఫిల్టరుంటది. గాలి ఆ డబ్బాల తిరిగి తిరిగి లోపలికి పోవాలె. అది తీసేసి నున్నటి అల్యూమినియం గొట్టం పెడితే గాలి సీదా పోతది."

అమ్మ ఆలోచించింది. "మరి ఆ డబ్బా ఎందుకు పెట్టిన్రు?"

"చప్పుడు రాకుండా."

"చప్పుడు రాకుంటే మంచిదే గదనే."

"అమ్మా! ఆ చప్పుడు కోసమే గద తీసేది!"

అమ్మ ఉప్మా గిన్నె పక్కకు జరిపి నవ్వడం మొదలుపెట్టింది. ఆమె నవ్వితే మొదట చప్పుడుండదు, భుజాలు ఊగుతాయి, తర్వాత ఎక్కడో లోపలినుంచి కూత లాంటిది వస్తుంది. అది వచ్చిందంటే ఒప్పుకున్నట్టే.

ఆబిడ్స్ పెద్ద రోడ్డు వెనక ఒక సందులో కారు సామాన్ల దుకాణం ఉంది. బ్యాంకు సెలవు రోజున అక్కాచెల్లెళ్లం ఇద్దరం పోయాం. దుకాణం ముందు సీటు కవర్లు, స్టీరింగు తొడుగులు, వేలాడే సెంటు సీసాలు. లోపల తెల్ల గడ్డం పెద్దాయన కుర్చీలో కూర్చొని చాయ్ తాగుతున్నాడు. మమ్మల్ని చూడగానే సీటు కవర్ల వైపు చెయ్యి చూపించాడు.

"కవర్లు వద్దు చాచా. గాలి గొట్టం కావాలె. కోన్ ఫిల్టరుతోని" అంది చెల్లి. బ్యాంకు గొంతుతో కాదు, సుల్తాన్ బజార్లో బేరమాడేటప్పటి గొంతుతో.

ఆయన చాయ్ కప్పు కింద పెట్టాడు. "గాడీ ఎవరిది? భాయ్‌సాబ్‌దా?"

"మా అమ్మది."

"అమ్మగారు అడిగిండ్రా?" అన్నాడాయన. చెల్లి తలూపేసరికి కుర్చీలోంచి లేచి వచ్చాడు. రెండు రకాలు బయటికి తీశాడు. ఒకటి పొట్టిది, ఇంజను పక్కనే పైన ఉంటుంది. రెండోది రెండు ముక్కల పొడుగు గొట్టం. పై ముక్క ఇంజను దగ్గర, కింది ముక్క ముందు చక్రం పక్కనుంచి బంపర్ వెనక్కి దిగుతుంది, దాని కొసకు కోను ఆకారంలో ఎర్ర ఫిల్టరు. అక్కడైతే ఇంజను వేడి తగలదు, బయటి చల్లగాలి దొరుకుతుంది. రెండు ముక్కల్నీ కలిపేది ఒక రబ్బరు తొడుగు, దాని మీద బిగించే ఇనుప పట్టీలు.

"పొడుగుది మస్తుగుంటది. కానీ బారిష్‌ల జర హుషార్ బేటా. కింద ఉంటది గద, రోడ్డు మీద నీళ్లు నిలిస్తే గాలి బదులు నీళ్లు పీలుస్తది. నీళ్లు తాగితే ఇంజను ఖతం."

"వానలు ఇప్పుడేడున్నయ్ చాచా" అంది చెల్లి. బయట తారు కరుగుతోంది. ఆయన గొట్టాన్ని వేలితో కొట్టాడు, టంగుమంది. ఆ టంగు వినగానే చెల్లి పొడుగుదాన్ని ఒళ్లోకి తీసుకుంది, ఇంటికి వెళ్లేదాకా ఇక దించలేదు.

బిగించడానికి శనివారం కుదిరింది. ఆ శనివారానికి ఇంకో సంగతి కూడా ఉంది. చెల్లిని చూసుకోవడానికి సాయంత్రం మెదక్ నుంచి ఒక అబ్బాయీ వాళ్లమ్మా వస్తున్నారు. చర్చిలో తెలిసినవాళ్ల ద్వారా వచ్చిన సంబంధం. వాళ్లు వచ్చేది సాయంత్రం కదా, మధ్యాహ్నానికల్లా పని ముగించి, చేతులు కడుక్కొని, చీర కట్టుకోవచ్చని మా లెక్క.

అమ్మ ఈ పనిని ఆపరేషన్ అనుకుంది. చేతులకు గ్లౌజులు వేసుకుంది. దవాఖాన నుంచి రిటైరయ్యేటప్పుడు తోటి నర్సులు ఆమెకిచ్చిన వస్తువుల్లో ఒక స్టీలు ట్రే ఉంది. దాన్ని బానెట్ పక్కన స్టూలు మీద పెట్టి, చెల్లి విప్పిన స్క్రూలను విప్పిన వరసలోనే అందులో పేర్చింది. "ఎనిమిదో నంబరు పానా" అని చెల్లి చెయ్యి చాపితే, అరచేతిలో టప్పుమని పెట్టేది. నేను స్క్రూడ్రైవర్ ఇవ్వబోతే, "పిడి వాళ్ల దిక్కు ఉండాలె. కొస నీ దిక్కు" అని దిద్దింది.

డబ్బా ఊడొచ్చింది. లోపల ఎండిపోయిన వేపాకులు, గుప్పెడు దుమ్ము, ఒక చిన్న ఈక. అమ్మ డబ్బాలోకి తొంగిచూసి, "పాపం, గిట్లాంటి ముక్కుతోని ఇన్ని రోజులు ఎట్ల నడిచిందో" అంది. కొత్త గొట్టం పై ముక్క బాగానే కూర్చుంది. కింది ముక్క కొసకు ఫిల్టరు ఎక్కించాలంటే మాత్రం చక్రం పక్క సందులోంచి చెయ్యి పైకి పోనివ్వాలి. చెల్లి చెయ్యి పట్టలేదు. అమ్మది అసలే పట్టలేదు. ఇద్దరూ నావైపు చూశారు.

"నీ చెయ్యి సన్నగుంటదక్కా."

నలభయ్యేళ్ల తెలుగు టీచర్ని, గోనెపట్టా మీద వెల్లకిలా పడుకొని, భుజం దాకా కారు లోపలికి దూర్చి, కళ్లతో చూడకుండా ఫిల్టరును గొట్టానికి తొడిగాను. "పట్టిందా?" "పట్టలే." "ఇప్పుడు?" "అది నా వేలే!" మేడ మీద అద్దెకుండేవాళ్లు పిట్టగోడ మీంచి చూస్తున్నారు. నాకు నవ్వాగడం లేదు, నవ్వుతుంటే చెయ్యి కదులుతోంది, చెయ్యి కదిలితే ఫిల్టరు జారుతోంది. చివరికి కూర్చుంది. బయటికి వచ్చాక చూసుకుంటే, మోచేతి దాకా నల్లటి చెయ్యి నాది కాదనిపించింది.

చెల్లి కారు స్టార్ట్ చేసింది. ముగ్గురం ఊపిరి బిగబట్టాం. ఇంజను ఊఁ అని పైకి లేచి, ఉఁ అని పడిపోయి, ఆగిపోతుందేమో అనుకునేలోపు మళ్లీ ఊఁ అని లేచింది. అట్లా లేస్తూ పడుతూ ఉంది. లోపల మీటర్ల దగ్గర, ఇంజను బాగాలేదని చెప్పే పసుపు లైటు వెలిగింది.

చెల్లి స్టీరింగు మీంచి చేతులు తీసేసింది. "ఏమో చేసిన. ఖరాబు చేసిన."

"ఆగు" అంది అమ్మ. లోపలికి పోయి స్టెతస్కోపు మెడలో వేసుకొని వచ్చింది. నేను వద్దన్నాను. ఆమె వినలేదు. గొట్టాలు చెవుల్లో పెట్టుకొని, బిళ్లను ఒక్కో రబ్బరు గొట్టం దగ్గర ఆనించి, కళ్లు మూసుకొని వినడం మొదలుపెట్టింది. "జర రేజ్ ఇయ్యి. చాలు. తగ్గియ్యి."

ఆ సమయంలో గేటు చప్పుడైంది.

మెదక్ బస్సు ఆ రోజు ఎందుకో వేళకంటే ముందే తెచ్చింది వాళ్లను. గేటు దగ్గర చేతిలో యాపిల్ పండ్ల సంచితో ఒక పెద్దావిడ, ఆమె వెనక ఇస్త్రీ చొక్కాలో ఒక అబ్బాయి. వాళ్లకు కనిపించింది ఇది: బానెట్ ఎత్తిన కారు, దాని మీద వంగి స్టెతస్కోపుతో కళ్లు మూసుకొన్న అమ్మ, గోనెపట్టా మీద నల్లటి చేతితో నేను, స్టీరింగు ముందు నుదుటి మీద గ్రీజు మరకతో పెళ్లికూతురు.

పెద్దావిడ భయంగా అడిగింది. "వందనాలమ్మా. ఎవరికి బాగలేదు?"

"కారుకు" అంది అమ్మ కళ్లు తెరవకుండానే.

చెల్లి స్టీరింగు మీద తల పెట్టేసుకుంది. హారన్ మోగింది. ఉలిక్కిపడి తలెత్తింది. నేను లేచి "రండి, లోపలికి రండి, కూర్చోండి" అని ఆ నల్లచెయ్యే చాపాను. ఆ అబ్బాయి మాత్రం లోపలికి రాలేదు. సంచి వాళ్లమ్మ చేతికే వదిలి కారు దగ్గరికి వచ్చి, తల ఒక పక్కకు వంచి విన్నాడు. మెదక్‌లో కరెంటాఫీసులో గుమాస్తా, ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయిస్తాడు. అది మాకు ముందే చెప్పారు.

"గాలి ఎక్కన్నో లీకవుతున్నట్టుంది ఆంటీ" అన్నాడు. "మా చర్చిల పాత హార్మోనియం తిత్తికి చిల్లు పడ్డప్పుడు గిట్లనే ఆయాసపడేది."

"నాకూ గట్లనే వినపడుతుంది" అంది అమ్మ ఉత్సాహంగా. "ఇగో, ఈ దిక్కు. సీ అంటుంది. నువ్వు విను." స్టెతస్కోపు తీసి అతని చెవుల్లో పెట్టేసింది. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకొని వెతికారు. ఇంజను వెనక, డబ్బా తీసేటప్పుడు మాకు తెలియకుండానే ఊడిపోయిన ఒక సన్నటి రబ్బరు గొట్టం దొరికింది. అది ఊడిన చోట కన్నం. అతను ఆ కన్నం మీద వేలు పెట్టాడు.

ఇంజను కుదుటపడింది. ఒక్కసారిగా, ఏడుస్తున్న పసిబిడ్డ నిద్రలోకి జారినట్టు.

అతను వేలు తీశాడు, ఊఁ ఉఁ. వేలు పెట్టాడు, కుదురు. తీశాడు, పెట్టాడు. నవ్వడం మొదలుపెట్టాడు. కిటికీలోంచి తల బయట పెట్టి అతన్ని చూస్తూ చెల్లి కూడా నవ్వింది. నేను వాళ్లిద్దర్నీ చూశాను. చీరా లేదు, పూలూ లేవు, ట్రేలో చాయ్ కప్పులూ లేవు, ఆ ట్రేలో స్క్రూలున్నాయి. కానీ సంబంధం కుదిరిందని నాకు అప్పుడే తెలిసిపోయింది. గొట్టం తొడిగి, పట్టీ బిగించి, అందరం కొళాయి దగ్గర వరసగా నిలబడి చేతులు కడుక్కున్నాం. సబ్బు అతనే అందించాడు.

"మరి ఒక రౌండు వెయ్యాలె గద" అంది అమ్మ.

ఐదుగురం ఎక్కాం. వెనక అమ్మ, నేను, మెదక్ పెద్దావిడ. ముందు చెల్లి, పక్కన అతను. నాంపల్లి రోడ్డు ఎక్కేదాకా ఏమీ తెలియలేదు. స్టేషన్ దాటాక కొంచెం ఖాళీ దొరికింది, చెల్లి తొక్కింది. బానెట్ కిందనుంచి హూఁ... అని ఒక లోతైన శబ్దం లేచింది. మిక్సీ కాదు. మొట్టమొదటిసారి నాకు తేడా తెలిసింది. కారు నిండా గాలి పీల్చుకుంటున్న శబ్దం. కాలు తీయగానే ఫుస్‌మని ఒక నిట్టూర్పు.

మెదక్ పెద్దావిడ నా చెయ్యి పట్టుకొని, "అయ్యో దేవా" అంది.

అమ్మ ముందుకు వంగి, "మళ్ల తొక్కు" అంది.

హూఁ... ఫుస్. హూఁ... ఫుస్. అసెంబ్లీ ముందు పోలీసులుంటారని పెద్దమనుషుల్లాగా మెల్లగా పోయి, మలుపు తిరగ్గానే మళ్లీ హూఁ. స్పీడు ఏమైనా పెరిగిందా అంటే, నిజం చెప్పాలి, ఏమీ పెరగలేదు. పక్కనుంచి స్కూటీలు దాటిపోతున్నాయి. ఒక ఆటో అతను సిగ్నల్ దగ్గర మా బానెట్ వైపు చూసి, "ఏందమ్మా, లోపల పులి గిట్ల ఉన్నదా?" అన్నాడు. ఆ మాటకు అమ్మకు భుజాలు ఊగడం మొదలైంది, కూత వచ్చేసింది, దాన్ని చూసి మెదక్ పెద్దావిడకు అంటుకుంది. మొజంజాహీ మార్కెట్ చేరేసరికి ఎవరికీ మాట రావడం లేదు. మామిడి ఐస్‌క్రీం చెప్పి, కప్పులు పట్టుకొని ఆ రాతి గోడ నీడన నిలబడ్డాం. పెళ్లిచూపుల్లో అడగాల్సిన ప్రశ్నలేవీ ఎవరూ అడగలేదు. కప్పు ఖాళీ అయ్యాక ఆ అబ్బాయి ఒకటే అడిగాడు.

"ఆ డబ్బా పారేస్తరా?"

"లేదు. దాచిపెడ్త" అంది చెల్లి.

"మంచిది" అన్నాడు.

పెళ్లి వానాకాలంలో పడింది. ఆబిడ్స్‌లో మేం ఎప్పుడూ పోయే చర్చిలోనే, సాయంత్రం నాలుగింటికి. పెళ్లికూతుర్ని తీసుకెళ్లడానికి మా మామయ్య పూలు కట్టిన పెద్ద కారు తెస్తానన్నాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆకాశం నల్లబడింది. చెల్లికి తెల్ల పట్టుచీర కట్టి, తల మీద పొడుగాటి తెల్ల నెట్టు ముసుగు పెడుతుంటే చినుకులు మొదలయ్యాయి. పూలజడలో చివరి పిన్ను గుచ్చేసరికి కుండపోత.

మామయ్య ఫోన్ చేశాడు. "బండి ఇంచు కదులుతలేదు. ఎక్కడోళ్లు అక్కన్నే ఉన్నరు. మీరే ఏదన్న చూసుకొని పొండి."

ఆటోలు లేవు. ఫోన్లో బుక్ చేసిన కార్లు ఒక్కొక్కటీ రద్దవుతున్నాయి. అమ్మ నన్ను చూసింది. ఆ వానలో, ఆ ట్రాఫిక్‌లో స్టీరింగు పట్టుకునే దమ్ము నాకు లేదని ముగ్గురికీ తెలుసు. చెల్లి చీర కుచ్చిళ్లు పైకి దోపుకొని, తాళం చెవులు తీసుకుంది.

"నా పెళ్లికి నేనే పోత. ఎక్కుండ్రి."

గేటు దాటాం. హూఁ. వాన చప్పుడులో కూడా అది వినపడుతోంది. అమ్మ వెనక సీట్లో ముసుగు కొస నేలకు తగలకుండా రెండు చేతుల్తో పైకెత్తి పట్టుకొని కూర్చుంది. రోడ్డు మీద అన్ని రంగుల గొడుగులు, మోకాళ్ల దాకా ప్యాంట్లు మడిచిన మనుషులు. ఆబిడ్స్ దారిలో పల్లంగా ఉన్న ఒకచోట ముందు కార్లన్నీ ఆగి ఆగి దిగుతున్నాయి. వాటి ముందర రోడ్డు కనపడలేదు, నీళ్లే. బస్సు ఒకటి దాటుకుంటూ పోతుంటే అల లేచి ఫుట్‌పాత్ మీదికొచ్చి కొట్టింది.

చెల్లి బ్రేకు తొక్కి, కారును పక్కకు తీసి ఆపేసింది.

"పోదాం పా, అందరు పోతున్నరు గద" అన్నాను.

"వాళ్ల గొట్టాలు పైన ఉన్నయక్కా. మనది కింద, బంపర్ల ఉన్నది. దిగితే సీదా నీళ్లు తాగుతది." అప్పుడు నాకు దుకాణం పెద్దాయన మాటలు గుర్తొచ్చాయి. నాలుగు కావస్తోంది. చెల్లి రెండు క్షణాలు స్టీరింగు మీద వేళ్లతో తాళం వేసింది. తర్వాత బానెట్ లివరు లాగి, సీటు కింది పానా అందుకొని, తలుపు తీసుకొని వానలోకి దిగిపోయింది.

పెళ్లికూతురు! ముసుగు కొస వదలని అమ్మా, గొడుగు పట్టుకొని నేనూ వెనక పరిగెత్తాం. నా గొడుగు గాలికి తిరగబడింది. ఇంకో పక్కనుంచి రెయిన్‌కోటు వేసుకున్న ట్రాఫిక్ కానిస్టేబులు అరుచుకుంటూ వచ్చాడు. "ఏయ్ మేడం, ఈడ ఆపొద్దు! ఏం చేస్తున్నరు గీడ?"

"గాలి గొట్టం కింది ముక్క ఇప్పుతున్న అన్నా" అంది చెల్లి. "నాలుగింటికి నా పెళ్లి."

అతను ఆమె చీర చూశాడు, ముసుగు చూశాడు, చేతిలో పానా చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, మా పక్కన ఆగిన స్కూటర్ మీది ఆయన దగ్గరున్న పెద్ద గొడుగు అడిగి తీసుకొని, తెరిచి, ఇంజను మీదా పెళ్లికూతురి మీదా పట్టి నిలబడ్డాడు. "కానియ్యమ్మా, జల్ది కానియ్యి" అని, రెండో చేత్తో వెనకవాళ్లను పక్కనుంచి పొమ్మని సైగ చేస్తున్నాడు.

చెల్లి రెండు ముక్కల మధ్య పట్టీ వదులు చేసి, రబ్బరు తొడుగు లాగేసింది. కింది ముక్క, ఫిల్టరు అక్కడే చక్రం పక్కన ఉండిపోయాయి. పై ముక్క నోరు ఇంజను పక్కన పైన తెరుచుకొని ఉంది. అక్కడిదాకా నీళ్లు రావు. కానీ దానికి ఫిల్టరు లేదు.

"ఊకె గిట్ల వదిలేస్తే మట్టి, చెత్త అన్నీ లోపలికి పీలుస్తది. ఏదన్న గుడ్డ కావాలె. సన్నంగుండాలె, గాలి పోవాలె."

నా కర్చీఫు మందం. చీర కొంగులు మందం. ముగ్గురం ఒకరినొకరం చూసుకున్నాం. అమ్మ చూపు మెల్లగా, ఆమె స్వయంగా రెండు చేతుల్లో పట్టుకొని ఉన్న తెల్ల నెట్టు మీద ఆగింది.

"వద్దమ్మా" అన్నాను నేను.

"మడమల దాకా ఉన్నది. భుజాల దాకా చాలదా?" అంది అమ్మ. హ్యాండ్‌బ్యాగులోంచి డ్రెస్సింగు కత్తెర తీసింది. అది లేకుండా ఆమె ఎక్కడికీ పోదు. కచకచా కోసేసింది. కోసిన ముక్కను కట్టు కట్టే గాజుగుడ్డను మడిచినంత శ్రద్ధగా నాలుగు మడతలు పెట్టి, గొట్టం నోటికి కప్పి, "లాగి పట్టు, వదులుగుంటే లోపలికి గుంజుకుంటది" అంటూ అంచులు సర్దింది. చెల్లి పట్టీ బిగించింది. మేం ముగ్గురం నిలువునా తడిసి, ఆ కారు ముందు నిలబడి, గొట్టం మూతికి కట్టిన పెళ్లి ముసుగును చూసి పగలబడి నవ్వాం. కానిస్టేబులు గొడుగు ఊగిపోతోంది, ఆయన కూడా నవ్వుతున్నాడు.

"నీళ్లల్ల మెల్లగ పొండి. నడుమ ఆపకుండ్రి" అని చెప్పి, విజిల్ ఊది, మా ముందున్న ఆటోలను పక్కకు జరిపించాడు. చెల్లి మొదటి గేరులో దింపింది. నీళ్లు తలుపుల్ని కొడుతున్నాయి. అమ్మ ప్రార్థన మొదలుపెట్టింది, నేను అందుకున్నాను, ఆమెన్ అనేసరికి ముందు చక్రాలు గట్టెక్కాయి. ఆమెన్ కంటే పెద్దగా ముగ్గురం కేక వేశాం.

చర్చి ముందు ఆగేసరికి మెట్ల మీద మనుషులు నిండిపోయి ఉన్నారు. ఫొటోగ్రాఫర్ కెమెరా పైకెత్తి, చెల్లిని చూసి, దించేశాడు. చీర తడిసి మోకాళ్లకు అతుక్కుంది, అరచేతులు నల్లగా ఉన్నాయి, ముసుగు భుజాల దగ్గర వంకరటింకరగా తెగిపోయి ఉంది. మా చర్చి ఆంటీలు గుండెల మీద చేతులేసుకున్నారు. "ముసుగేమైందే?" "ఎక్కడ చినిగింది?" "యాక్సిడెంటు గిట్ల అయిందా?" మెట్ల పైనుంచి పెళ్లికొడుకు గబగబా దిగొచ్చాడు. అందరూ ముసుగు చూస్తుంటే అతను కారు వైపు చూస్తున్నాడు.

"సౌండు మారింది" అన్నాడు చెల్లితో. "కింది ముక్క ఇప్పినవా?"

"ఔ."

"మరి మూతికేం కట్టినవ్?"

చెల్లి తన తల మీద మిగిలిన ముసుగు కొస పట్టుకొని చూపించింది. అతనికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక అతను మెట్టు మీద కూర్చుండిపోయాడు, కొత్త సూటుతో, తడి మెట్టు మీద, కడుపు పట్టుకొని నవ్వుతూ. అయ్యగారు బైబిలు చంకలో పెట్టుకొని బయటికి వచ్చి, "పెళ్లి లోపల, ఇక్కడ కాదు" అని ఇద్దర్నీ లేపాడు. ప్రమాణాల దగ్గర చెల్లి బ్యాంకు గొంతు తిరిగి వచ్చేసింది. వెనక వరసలవాళ్లు "ఆఁ?" అన్నారు. అయ్యగారు ఇంకోసారి చెప్పించాడు. రెండోసారి ఆమె చెప్పింది చర్చంతా వినపడింది.

ఇప్పుడు చెల్లి తన బ్యాంకు మెదక్ బ్రాంచిలో ఉంది, కారూ అక్కడే ఉంది. అమ్మే ఇచ్చేసింది, ఇద్దరూ ప్రతి శనివారం అందులోనే వస్తారు. పెళ్లైన నెలకు ఒకరోజు మెదక్ పెద్దావిడ, అదే మా చెల్లి అత్తగారు, అమ్మకు ఫోన్ చేసింది. ఆమె చాలాసేపు వానల గురించీ కూరల గురించీ మాట్లాడి, చివర్లో గొంతు తగ్గించింది. "వదినా, నాకు గూడ కారు నేర్చుకోవాలనుంది. పిల్లలతోని ఎట్ల చెప్పాలె?"

"నేర్చుకోవాలనుంది అని చెప్పు" అంది అమ్మ. "ఆగు, మేమే వస్తం."

మేం వెళ్లాం. ఊరి బయట ఖాళీ రోడ్డు. డ్రైవరు సీట్లో అత్తగారు, కళ్లద్దాలు తుడుచుకొని, చీర సర్దుకొని, స్టీరింగును రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. పక్కన చెల్లి. వెనక అమ్మ, నేను, మా మధ్య ఇరుక్కొని పెళ్లికొడుకు. "క్లచ్చు మెల్లగా వదలండి అత్తమ్మా, మెల్లగా" అంటోంది చెల్లి. ఆమె మెల్లగా వదల్లేదు. కారు ఎగిరింది, ముగ్గురి తలలూ ముందు సీట్లకు తగిలాయి, హూఁ అని ఇంజను గర్జించింది, రోడ్డు పక్కన మేకలు చెల్లాచెదురయ్యాయి. అత్తగారు కేక వేసి రెండు కాళ్లూ ఎత్తేసింది. కారు ఆగిపోయింది.

ఆమె అద్దంలో మా ముఖాలు ఒక్కొక్కటీ చూసుకుంది.

"మళ్ల స్టార్ట్ చెయ్యి బిడ్డా" అంది కోడలితో.